ఆమె చూసింది, అతను రాసుకున్నాడు

జర్మన్ భాషలో 1833లో ఒక పుస్తకం వచ్చింది. యేసుక్రీస్తు అనుభవించిన శ్రమల గురించి, చివరి విందు నుంచి సమాధి దాకా, పక్కన నిలబడి చూసినవాళ్ళు చెబుతున్నట్టుగా రాసిన పుస్తకం అది. ఇంగ్లీషులో 'ద డోలరస్ ప్యాషన్' అనే పేరుతో ఇప్పటికీ అచ్చవుతోంది. అట్ట మీద ఉండే పేరు అన్నా కాతరీనా ఎమ్మెరిక్. ఆమె ఒక కాథలిక్ మఠకన్య. దర్శనాలు చూసే మనిషిగా పేరు పడింది. కానీ అందులో ఒక్క వాక్యం కూడా ఆమె తన చేత్తో రాయలేదు. రాసినవాడు క్లెమెన్స్ బ్రెంటానో అనే కవి. పుస్తకం మొదటిసారి అచ్చయినప్పుడు అతని పేరు వేసుకోలేదు. ఆమె చనిపోయి అప్పటికి తొమ్మిదేళ్ళు.

స్త్రీల రచనలు మగవాళ్ళ పేరుతో చలామణీ కావడం మనకు తెలిసిన కథ. భర్తల పేరుతో, తండ్రుల పేరుతో, మగ మారుపేర్లతో అచ్చయిన స్త్రీల పుస్తకాలను వెతికి పట్టుకోవడం స్త్రీవాద విమర్శ చేసిన మొదటి పనుల్లో ఒకటి. ఇక్కడ వ్యవహారం తలకిందులుగా ఉంది. మగవాడు రాసింది స్త్రీ పేరుతో చెల్లుబాటు అవుతోంది. అలాంటప్పుడు ఆ పుస్తకాన్ని స్త్రీల సాహిత్యంలో చేర్చుకోవాలా? ఆమెకు తిరిగి ఇవ్వవలసింది ఏమైనా ఉందా? ఆ పుస్తకం చదివినప్పటి నుంచీ నన్ను వదలని ప్రశ్న ఇది. జవాబు కోసం ముందు ఆమె జీవితం దగ్గరికే వెళ్ళాలి. ఎందుకంటే దర్శనాల గురించి రాసినవాళ్ళలో చాలామంది ఆ జీవితాన్ని ఉపోద్ఘాతంలా నాలుగు పేజీల్లో దాటేస్తారు.

ఎమ్మెరిక్ 1774 సెప్టెంబరు 8న వెస్ట్‌ఫాలియాలో, కోస్‌ఫెల్డ్ పక్కన ఉన్న ఫ్లామ్‌షెన్ అనే పల్లెలో పుట్టింది. పేద రైతు కుటుంబం, ఇంటినిండా పిల్లలు. బడి చదువు నామమాత్రం. పెద్ద కమతం ఉన్న ఒకరింట్లో మూడేళ్ళు పనిచేసింది. తర్వాత కుట్టుపని నేర్చుకుని దాని మీద బతికింది. మఠంలో చేరాలన్నది చిన్నప్పటి కోరిక. తలుపు తట్టిన ప్రతిచోటా ఒకటే మాట. కట్నం ఏం తెస్తావు?

అవును, కట్నమే. పెళ్ళికే కాదు, ఆ రోజుల్లో మఠానికి కూడా అమ్మాయి కట్నం తీసుకువెళ్ళాలి. క్రీస్తుకు వధువు కావడానికి కూడా తండ్రి జేబు బరువుగా ఉండాలి. మ్యూన్‌స్టర్‌లోని క్లారా మఠం వాళ్ళు, ఆర్గన్ వాయించడం నేర్చుకొస్తే తీసుకుంటామన్నారు. నేర్చుకుందామని కోస్‌ఫెల్డ్‌లో ఆర్గన్ వాయించే ఒకాయన ఇంటికి వెళ్ళింది. ఆ ఇంట్లో తినడానికే లేదు. ఆర్గన్ సంగతి పక్కనపెట్టి ఇంటి చాకిరీ నెత్తినేసుకుంది. కుట్టుపనితో కూడబెట్టుకున్న కాస్త డబ్బూ వాళ్ళకే ఖర్చయిపోయింది. చివరికి 1802లో, ఆ ఇంటి అమ్మాయి క్లారాతో పాటు, డ్యూల్‌మెన్ ఊళ్ళోని ఆగ్నెటెన్‌బెర్గ్ అగస్టీనియన్ మఠంలో చోటు దొరికింది. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు. మరుసటి ఏడు మాటపట్టు తీసుకుంది.

మఠం అంటే అందరూ అక్కాచెల్లెళ్ళుగా బతికే చోటని మనం అనుకుంటాం. పేదింటి నుంచి వచ్చిన ఎమ్మెరిక్‌కు అక్కడ మొదట్లో పెద్దగా గౌరవం దక్కలేదు. బరువు పనులు, ఎవరూ ముట్టని పనులు ఆమె చేసేది. నియమాలను తుచ తప్పకుండా పాటిస్తే, నటిస్తోందన్నారు కొందరు. తొమ్మిదేళ్ళలో ఎక్కువ కాలం జబ్బుతోనే గడిచింది. స్త్రీలందరూ ఒకే కప్పు కింద ఉన్నంత మాత్రాన వర్గం గుమ్మం బయట ఆగిపోదని ఈ తొమ్మిదేళ్ళు చెబుతాయి.

1811లో ఆ కప్పు కూడా పోయింది. నెపోలియన్ యుగంలో చర్చి ఆస్తులను ప్రభుత్వాలు స్వాధీనం చేసుకుంటున్న ఊపులో ఆగ్నెటెన్‌బెర్గ్ మఠం మూతపడింది. మఠకన్యలు వీధిన పడ్డారు. ఫ్రాన్సు నుంచి పారిపోయి వచ్చి డ్యూల్‌మెన్‌లో ఉంటున్న లాంబేర్ అనే గురువు ఇంట్లో ఎమ్మెరిక్ పనిమనిషిగా కుదిరింది. కొద్దికాలానికే మంచం పట్టింది. ఇంటిపని చూసుకోవడానికి చెల్లెలు గెర్‌ట్రూడ్‌ను పిలిపించారు. ఆ మంచం మీదనే ఆమె చేతుల్లో, పాదాల్లో, పక్కలో గాయాలు కనబడ్డాయి. సిలువ మీద క్రీస్తుకు అయిన పంచగాయాలు అవి అన్నారు. అన్నం ముట్టకుండా నీళ్ళతో, దివ్యసత్ప్రసాదంతో బతుకుతోందన్న మాట ఊరంతా పాకింది.

ఆ గాయాలు నిజమా, అబద్ధమా అనే చర్చలోకి నేను దిగను. ఆ చర్చ చేసినవాళ్ళు ఆమెకు ఏం చేశారన్నది నాకు ముఖ్యం. 1813లో చర్చి విచారణ జరిగింది. మంచం చుట్టూ రాత్రింబవళ్ళు కాపలా పెట్టారు. వైద్యులు గాయాలను పరీక్షించారు. 1819 ఆగస్టులో ప్రష్యా ప్రభుత్వం వంతు వచ్చింది. ఆమె ఒప్పుకోకపోయినా మరో ఇంటికి మోసుకుపోయి, అయినవాళ్ళెవరినీ దగ్గరికి రానివ్వకుండా మూడు వారాలు నిఘాలో ఉంచారు. ఆ సంఘానికి ముందు నిలిచిన జిల్లా అధికారి బ్యోనింగ్‌హౌసెన్. హోమియోపతి చదివినవాళ్ళకు ఆ పేరు తెలిసే ఉంటుంది, తర్వాతి కాలంలో ఆ వైద్యంలో పెద్ద పేరు తెచ్చుకున్నది ఆయనే. ఆమె మోసం చేసిందని రుజువు కాలేదు. విచారణ గురించి ఆయన అదే ఏడు పుస్తకం అచ్చువేశాడు. 1824 ఫిబ్రవరి 9న ఆమె చనిపోయాక కూడా ఊరుకోలేదు. శవాన్ని ఎవరో ఎత్తుకుపోయారన్న పుకారు పుడితే, కొన్ని వారాల్లోనే రెండుసార్లు సమాధి తవ్వి చూశారు.

చర్చికి ఆమె ఒంటి మీద దైవలీల కావాలి, లేదా దొంగతనం దొరకాలి. రాజ్యానికి అమాయక జనాన్ని రెచ్చగొట్టే మఠకన్య కావాలి. వైద్యానికి కేసు కావాలి. ముగ్గురూ ఆ శరీరాన్ని చదవడానికి వచ్చారు. ఆమె ఏమంటోందో వినడానికి వచ్చినవాళ్ళు తక్కువ. అందులో ఒకడు ఫ్రాన్స్ వెసెనర్ అనే యువ వైద్యుడు. 1813 నుంచి ఆమె చనిపోయేదాకా వస్తూ పోతూ ఉన్నాడు. డైరీ రాశాడు. అది వందేళ్ళకు పైగా మరుగున ఉండి 1926లో అచ్చయింది. రెండోవాడు బ్రెంటానో.

బ్రెంటానో డ్యూల్‌మెన్ వచ్చింది 1818 సెప్టెంబరులో. అప్పటికతనికి నలభై ఏళ్ళు. అంతకు ముందు సంవత్సరమే సుదీర్ఘమైన పాపసంకీర్తనం చేసి, చిన్ననాటి కాథలిక్ విశ్వాసానికి తిరిగి వచ్చాడు. మొదటి భార్య సోఫీ మెరో, సొంత పత్రిక నడిపిన కవయిత్రి, నవలా రచయిత్రి. 1806లో కాన్పులో చనిపోయింది. ఆ తర్వాత చేసుకున్న పెళ్ళి నిలవలేదు. లూయిసె హెన్సెల్ అనే యువ కవయిత్రిని చేసుకోవాలనుకున్నాడు. ఆమె కాదంది. అలాంటి స్థితిలో, కదలలేని ఒక స్త్రీ మంచం పక్కన తనకో పని దొరికిందనుకున్నాడు. 1819 నుంచి ఆమె చనిపోయేదాకా దాదాపుగా అక్కడే మకాం. ఆమె అతన్ని 'యాత్రికుడు' అని పిలిచేది. తన రాతల్లో అతను తన గురించి కూడా అలాగే రాసుకున్నాడు.

పని జరిగిన తీరు ఇది. ఆమె తన పల్లెటూరి వెస్ట్‌ఫాలియా యాసలో చూసింది చెప్పేది. అది పుస్తకాల జర్మన్‌కు చాలా దూరం. జ్వరంలో, నొప్పిలో, మధ్యమధ్య ఆగుతూ చెప్పేది. అతను పొడిపొడిగా రాసుకుని, బసకు వెళ్ళి శిష్ట జర్మన్‌లో వాక్యాలు చేసి, మళ్ళీ తెచ్చి ఆమెకు చదివి వినిపించేవాడినని చెప్పుకున్నాడు. అలా పోగుపడ్డ కాగితాలు దాదాపు 16,000 పుటలు. చూడవచ్చేవాళ్ళ మీద, ఇంటి సందడి మీద అతనికి విసుగు. తన పనికి అడ్డమని చెల్లెలితో పేచీలు, డాక్టరుతో పేచీలు. ఆమె మటుకు వచ్చినవాళ్ళనందరినీ పలకరించేది. మంచం మీదే గుడ్డపీలికలతో పేదల పిల్లలకు బట్టలు కుట్టేది. దర్శనం చెబుతుందని కాగితం ముందు పెట్టుకున్న కవి ఒకవైపు, సూదిలో దారం ఎక్కిస్తున్న స్త్రీ ఒకవైపు. ఈ ఇద్దరి మధ్య పుట్టిన పుస్తకం అది.

బ్రెంటానో అప్పటికి ఏం రాసి ఉన్నాడో గుర్తుంచుకోవాలి. 1805, 1808 మధ్య మిత్రుడు అకిం ఫోన్ ఆర్నిమ్‌తో కలిసి జర్మన్ జానపద గేయాలను మూడు సంపుటాలుగా తెచ్చాడు. 'బాలుడి అద్భుత కొమ్ముబూర' అని దాని పేరు. జర్మన్ సాహిత్యానికి అది పెద్ద మేలు చేసిందన్న మాట నిజమే. అయితే ఆ ఇద్దరూ పాటలను దొరికినవి దొరికినట్టు వేయలేదు. కత్తిరించారు, కలిపారు, సొంతంగా చరణాలు అల్లారు. అంతకు ముందే, 1801లో, రైన్ నది గట్టు మీద మగవాళ్ళను మాయచేసే లొరెలై అనే స్త్రీ మీద బ్రెంటానో ఒక గేయకథ కట్టాడు. కొద్దికాలానికే అది తరతరాల నుంచి వస్తున్న జానపద కథ అని జనం నమ్మేశారు. ఒకరి గొంతును తాను అల్లి, అది జనం గొంతే అనిపించడం అతనికి అబ్బిన విద్య. ఆ విద్యను డ్యూల్‌మెన్ గుమ్మం బయట చెప్పులతో పాటు విడిచి లోపలికి వచ్చాడని అనుకోవడానికి లేదు.

ఇంత తెలిసి కూడా ఆ పుస్తకం చదువుతున్నప్పుడు నేను ఆగిపోయిన చోట్లున్నాయి. యేసును కొరడాలతో కొట్టాక, పిలాతు భార్య క్లౌదియా మరియమ్మకు నారబట్టలు పంపుతుంది. జనం పక్కకు తప్పుకున్నాక మరియమ్మ, మగ్దలేనా మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళ మీది నెత్తురు ఆ బట్టలతో తుడుస్తారు. యేసు ముఖం తుడిచిన వెరోనికాకు ఆ పుస్తకంలో సెరాఫియా అని పేరు, ఇల్లు, కుటుంబం ఉన్నాయి. గుంపును తోసుకుంటూ ముందుకు వస్తుంది. సువార్తల్లో పిలాతు భార్యకు దక్కింది ఒకే ఒక్క వాక్యం. తుడవడం, కడగడం, బట్ట పట్టుకు నిలబడడం లాంటి ఆడవాళ్ళ చాకిరీకి అక్కడ చోటే లేదు. ఈ పుస్తకంలో దేవుడి చావు చుట్టూ ఆ చాకిరీ కనబడుతుంది. ఏ బట్ట ఎంత పొడవు, ఎలా మడిచారు, దేనితో నేశారు అన్న వివరాలు పేజీల కొద్దీ ఉంటాయి. ఇది చదివి, ఇదిగో కుట్టుపని చేసి బతికిన స్త్రీ చూపు, ఇది ఏ కవికీ తట్టదు అనాలని నాకు బలంగా అనిపించింది.

ఆ మాట అనడానికి ముందు ఆగాలి. 1923లో విన్‌ఫ్రీడ్ హ్యుంప్ఫ్‌నర్ అనే అగస్టీనియన్ గురువు బ్రెంటానో కాగితాలను పట్టి పట్టి పరిశీలించి, వాటి విశ్వసనీయత మీద పుస్తకం రాశాడు. పాలస్తీనా పటాలు, యాత్రాగ్రంథాలు, బైబిలులో చేరని పాత క్రైస్తవ కథలు, ఇలా కవి గ్రంథాలయంలో ఉన్నవెన్నో దర్శనాల్లోకి వచ్చి కూర్చున్నాయని ఆ పరిశోధన తేల్చింది. ఆగ్నెటెన్‌బెర్గ్ మఠకన్యకు తెలిసే వీలు లేని పురాతన భూగోళం ఆమె నోట ఎలా వచ్చిందని భక్తులు ఆశ్చర్యపోయేవాళ్ళు. ఆ భూగోళంలో చాలా భాగం కవి బల్ల మీదే ఉంది. నారబట్టల వివరం కుట్టుపనిదో, కవి చదివిన ఏ పాత పుస్తకానిదో విడదీసి చూపగల సూది ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు.

ఇంతకన్నా కష్టమైన సంగతి మరొకటుంది. ఆ పుస్తకం యూదులను చూపించే తీరు భయంకరంగా ఉంటుంది. క్రూరత్వం, వికృతమైన ముఖాలు, రక్తదాహం. మధ్యయుగాల నుంచి యూరప్‌లో యూదుల ఇళ్ళు తగలబెట్టడానికి పనికొచ్చిన బొమ్మలవి. ఆమె మీద భక్తి ఉన్నవాళ్ళు ఇక్కడికి రాగానే, అది ఆమెది కాదు, బ్రెంటానో చేర్చింది అంటారు. అతనికి యూదులంటే ద్వేషం ఉందనడానికి ఆధారాలు లేకపోలేదు. 1811లో బెర్లిన్‌లో ఆర్నిమ్ పెట్టిన భోజన సంఘంలో అతనూ సభ్యుడు. యూదులకూ, మతం మార్చుకున్న యూదులకూ, స్త్రీలకూ అందులో ప్రవేశం లేదు. ఈ మూడింటినీ ఒకే వాక్యంలో చదవడం స్త్రీవాదులకు మంచి పాఠం.

అయినా అంత తేలికగా ఆమెను తప్పించడానికి నాకు మనసొప్పదు. నారబట్టలు ఆమెవి, విషం అతనిది అని పంచిపెడితే, మనకు నచ్చింది స్త్రీది, నచ్చనిది మగవాడిది అన్నట్టవుతుంది. ఆ కాలపు వెస్ట్‌ఫాలియా పల్లెలో, ప్రతి పవిత్ర శుక్రవారం గుడిలో విన్న మాటల మధ్య పెరిగిన స్త్రీకి ఆ ద్వేషం ఒంటబట్టలేదని ఏ ధైర్యంతో చెబుతాం? అణచివేతకు గురైన స్త్రీ మరొకరిని అణచే మాట మాట్లాడదని మనం ఎప్పుడో నమ్మడం మానేశాం. ఈ దేశంలో కులం గురించి దళిత స్త్రీలు మనల్ని నిలదీసి నేర్పిన పాఠమే అది. పేదరాలు, రోగి, చదువులేనిది కాబట్టి ఆమె గొంతు దానంతటదే స్వచ్ఛమైనది అనుకోవడం కూడా బ్రెంటానో చేసిన పనే. ఆమెను ఖాళీ పాత్రగా చూశాడు అతను, అందులో దైవమే పలుకుతుందని. మనం స్త్రీ అనుభవమే పలుకుతుందని చూడబోతున్నాం. రెండు చోట్లా పాత్ర ఖాళీయే.

2004లో ఆమెకు రెండు జరిగాయి. ఫిబ్రవరిలో మెల్ గిబ్సన్ సినిమా 'ద ప్యాషన్ ఆఫ్ ద క్రైస్ట్' విడుదలైంది. పిలాతు భార్య బట్టలివ్వడం, నెత్తురు తుడవడం అందులో ఉన్నాయి. సువార్తల్లో లేని ఆ దృశ్యాలు వచ్చింది ఈ పుస్తకం నుంచే. యూదులను చిత్రించిన తీరు మీద సినిమాకు వచ్చిన విమర్శ కూడా ఈ పుస్తకం దాకా వెళ్ళింది. అదే ఏడు అక్టోబరు 3న రెండవ జాన్ పాల్ పోపుగారు ఆమెను ధన్యురాలిగా ప్రకటించారు. ఆ ప్రక్రియ 1928లో ఆగిపోయి 1973లో మళ్ళీ మొదలైంది. ఆగింది బ్రెంటానో రాతల మీది అనుమానాలతోనే. మళ్ళీ మొదలైనప్పుడు రోమ్ ఒక దారి చూసుకుంది. పుస్తకాలను పూర్తిగా పక్కనపెట్టి, ఆమె జీవితాన్ని మాత్రమే తూచింది.

సినిమా ఆమె పుస్తకాన్ని తీసుకుని ఆమెను వదిలేసింది. చర్చి ఆమెను తీసుకుని పుస్తకాన్ని వదిలేసింది. చర్చి చేసిన పనిలో న్యాయం ఉందని ఒప్పుకుంటాను. తనది కాని రాతకు ఆమెను బాధ్యురాలిని చేయలేదు. కానీ మిగిలిందేమిటో చూడండి. నొప్పిని సహించినది, ఎదురు చెప్పనిది, పేదలకు బట్టలు కుట్టినది. మాట తీసేస్తే మిగిలేది మనం బాగా ఎరిగిన ఓర్పుగల ఆడదే. ఐదేళ్ళు ఒక మంచం పక్కన రోజూ వినడానికి ఒక కవిని కూర్చోబెట్టిన స్త్రీ దగ్గర చెప్పడానికి ఏదో ఉండి ఉండాలి కదా!

దర్శనాలు చూసిన మఠకన్యలందరి గతీ ఇంతే కాలేదు. 12వ శతాబ్దపు హిల్డెగార్డ్ ఆఫ్ బింగెన్‌కు వోల్మార్ అనే సన్యాసి లేఖకుడు ఉండేవాడు. లాటిన్ వ్యాకరణం దిద్దడం వరకే అతని పని, మాట మార్చకూడదు. ఆ హద్దు గీసింది ఆమె. ఆమె మఠాధిపతి, కులీన వంశంలో పుట్టినది, బిషప్పులకు ఉత్తరాలు రాయగలిగినది. 16వ శతాబ్దపు ఆవిలా తెరెసా తన జీవితకథను గురువుల ఆజ్ఞ మీదే రాసినా, రాసింది తన చేత్తో. సిమోన్ ద బోవా 'ద సెకండ్ సెక్స్'లో దర్శనాలు చూసిన చాలామంది స్త్రీలను ప్రేమలో మైమరచినవాళ్ళలా చూసి, తెరెసా దగ్గరికి వచ్చేసరికి గౌరవంగా పక్కకు తీసి నిలబెట్టింది. తెరెసాను 1970లో, హిల్డెగార్డ్‌ను 2012లో చర్చి తన 'పండితుల' వరసలో చేర్చింది. అంటే వాళ్ళ రాతే వాళ్ళ గౌరవం. ఎమ్మెరిక్‌కు దక్కిన గౌరవం రాత తీసేశాక దక్కింది. ఈ తేడా దేవుడి దగ్గర పుట్టలేదు. అక్షరం దగ్గర, అధికారం దగ్గర, కట్నం అడిగిన మఠాల గుమ్మాల దగ్గర పుట్టింది.

ఒకరు చెబుతుంటే మరొకరు రాయడమే తప్పని నేననడం లేదు. అలా అంటే మన దగ్గర అక్షరం అందని లక్షలాది స్త్రీల మాటకు అచ్చులో చోటే ఉండదు. 1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' అందుకు మంచి ఉదాహరణ. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెప్పగా విని రాసిన పుస్తకం అది. అందులో మల్లు స్వరాజ్యం మల్లు స్వరాజ్యంలానే మాట్లాడుతుంది, కమలమ్మ కమలమ్మలా మాట్లాడుతుంది. అడిగినదెవరు, రాసినదెవరు అన్నది దాచలేదు. చెప్పిన మనిషికి పేరుంది, యాస ఉంది, ఉద్యమం మీద కోపం కూడా ఉంది. విన్నవాళ్ళు ఆ కోపాన్ని సర్దిపెట్టలేదు. వినడం, రాయడం అక్కడా ఉన్నాయి, డ్యూల్‌మెన్‌లోనూ ఉన్నాయి. డ్యూల్‌మెన్‌లో లేనిది, వినేవాడు తాను కూడా గదిలో ఉన్నానని ఒప్పుకోవడం. యాత్రికుడు అని మారుపేరు పెట్టుకుని, అట్ట మీద పేరు తీసేసుకుని, తన వాక్యాన్ని ఆమె కంటిచూపుగా అచ్చువేశాడు. తన పేరు తీసేసుకోవడం వినయంలా కనిపిస్తుంది. నిజానికి ఆ వినయమే అతని రాతకు దైవవాక్కు హోదా తెచ్చింది. కవి ఊహ అంటే ఎంతమంది చదివేవాళ్ళు? చదువులేని మఠకన్య కళ్ళారా చూసింది అంటే యూరప్ అంతా చదివింది.

ఆ హోదా ఎంత దూరం వెళ్ళిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. అతని మరణం తర్వాత 1852లో మరియమ్మ జీవితం మీద మరో పుస్తకం వచ్చింది. అందులో మరియమ్మ చివరి రోజులు ఎఫెసు దగ్గర కొండ మీది ఇంట్లో గడిచాయని ఉంది. 1891లో ఆ వర్ణన పట్టుకుని వెళ్ళినవాళ్ళు ఇప్పటి టర్కీలో ఒక పాత కట్టడాన్ని గుర్తించారు. అటు వెళ్ళమని వాళ్ళ వెంట పడ్డది ఇజ్మీర్ ఆసుపత్రిలో పనిచేసే మరీ ద మందా గ్రాన్సే అనే మరో మఠకన్య. ముగ్గురు పోపులు అక్కడికి వెళ్ళివచ్చారు. ముస్లిం స్త్రీలు కూడా అక్కడికి వచ్చి మొక్కుకుంటారు. పుట్టిన ప్రాంతం దాటి ఎరుగని మంచం మీది మనిషి పేరుతో ఒక కొండ తీర్థమైంది.

ఇక నా ప్రశ్నకు నేను చెప్పుకున్న జవాబు. ఆ పుస్తకాన్ని ఎమ్మెరిక్ రచనగా స్త్రీల సాహిత్యంలో చేర్చను. బ్రెంటానో రచన అని చెప్పి ఆమెను తుడిచెయ్యను కూడా. అది ఒక గదిలో ఐదేళ్ళపాటు ఇద్దరు మనుషుల మధ్య జరిగిన దాని రికార్డు. ఒకరికి అక్షరం, ఆరోగ్యం, తీరిక, పేరు ఉన్నాయి. ఇంకొకరికి చూపు మాత్రమే ఉంది. అందులో ఏ వాక్యం చదివినా ఆ రెండు పేర్లూ కలిపి చదవాలి. నారబట్టల దగ్గరా, యూదుల మీది ద్వేషం దగ్గరా కూడా.

దాని పక్కన వెసెనర్ డైరీ పెట్టుకోవాలి. 1819లో ప్రభుత్వం జరిపిన విచారణ వివరాలు పెట్టుకోవాలి. బలవంతాన మోసుకుపోయినప్పుడు ఆమె ఒప్పుకోలేదన్న సంగతి, ఏ దర్శనానికీ తీసిపోని సాక్ష్యం. చూడవచ్చిన వాళ్ళను పంపెయ్యమని కవి గొణుగుతున్నా ఆమె పంపలేదన్నది కూడా. ఈ కాగితాలు రాసినవాళ్ళూ మగవాళ్ళే. కానీ ఆమెను దేవుడి నోరుగా కాక, అడిగితే బదులిచ్చే మనిషిగా చూసిన చోట్లు వాటిలో ఉన్నాయి. వినడానికి నలుగురైదుగురు పోటీ పడిన ఆ గదిలో, తనకు తోచిన పని తాను మానకుండా చేసుకుపోయిన స్త్రీ అక్కడ కనబడుతుంది. పేదపిల్లల చొక్కాలు ఆమె సొంత చేతిపని. వాటి మీద ఎవరూ పేరు వేయలేదు, ఎవరూ వాటిని దిద్దలేదు.